కొబ్బరి రాశి కాపలా

మా కుక్క చిట్టి, ఎలుక జ్వరంతో చనిపోయింది. కొత్త కుక్కపిల్లకు టీకా వేయించడానికి అమలాపురంలో కుక్కల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. కూర్చోలేక గుమ్మంలోనే అటూ ఇటూ తిరుగుతున్నాను. మా ఊరి కొబ్బరి వ్యాపారి పోలిరాజుగారు, తన కుక్కకు రేబిస్ సూది ఒక్కటే చాలంటున్నారు.

"ఎలుక జ్వరానిది కూడా వేద్దామండీ," అన్నారు డాక్టరుగారు.

"మావోడికెందుకండీ? ఎలుకలే వీణ్ణి చూసి జ్వరం తెచ్చుకుంటాయి!"

డాక్టరుగారు నవ్వేరు. "రాత్రి ఎక్కడ పడుకుంటాడండీ?"

"కొబ్బరికాయల రాశి పక్కనేనండీ. కాపలా కదా."

"ఎలుకలు మూత్రం పోసేదీ అక్కడేనండీ. జబ్బు అందులోనే ఉంటుంది."

పోలిరాజుగారు నా వైపు తిరిగేరు. "మాస్టారూ, మీ చిట్టి ఎక్కడ పడుకునేదండీ?"

"మా పెరట్లో కొబ్బరికాయల రాశి పక్కనేనండీ," అన్నాను.

ఆయన కుక్కను ఎత్తి బల్ల మీద పెట్టి, కదలకుండా పట్టుకున్నారు.

"రెండూ వేసేయండి."