తిరిగి వచ్చే చోటు

మా ఆయన ఆశీర్వాదానికి యంత్రాల మీద ఉన్నంత నమ్మకం నా మీద లేదు. పెళ్ళయిన కొత్తలో దీనికి ఏడ్చాను, తర్వాత తర్వాత నవ్వుకున్నాను. తొంభై నాలుగులో మాత్రం ఆ యంత్రాన్ని రోకలితో బద్దలు కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టి ఉంటే నాకైనా కాస్త మనశ్శాంతి దక్కేది.

కరీంనగర్‌లో ఒక స్టెబిలైజర్ల దుకాణం వెనక గదిలో ఆయన పని. పొద్దంతా కాలిపోయిన కాయిల్స్ చుట్టేవాడు. సాయంత్రమైతే సొంత పిచ్చి మొదలయ్యేది. చిన్న కంప్యూటర్ చిప్పు కోసం తనే ఒక భాష తయారుచేశాడు. ‘వేడి పెంచు’, ‘వేడి తగ్గించు’ అని మామూలు మనిషి రాస్తే చాలు, అడుగున నడిచే యంత్రసంకేతాలు మిగతా సంగతి చూసుకుంటాయి. ఆ అడుగుభాగం మొత్తం ఆయన ఒక్కడే రాశాడు. అందులోనూ ఆపద వచ్చినప్పుడు నడిచే ముక్క అంటే ఆయనకు ప్రాణం.

"అంతా మంచిగున్నప్పుడు నడుసుడు గొప్ప గాదు ఎలీసబెతూ," అనేవాడు. "కరెంటు పోతున్నదనుకో. యాడిదాంక వచ్చినం, చేతుల ఏమున్నది, అన్ని ఒక్కకాడ దాసిపెట్టాలె. మళ్ల కరెంటు వచ్చినంక గాడికెల్లే అందుకోవాలె. అసలు పని గదే."

నాకు నా పద్ధతిలో అర్థమైంది. జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఎవరో తలుపు కొడతారు. పెనం దించి, ఎన్నో రొట్టె దగ్గర ఉన్నానో గుర్తుపెట్టుకుని పోతాను. వచ్చి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ మాత్రం దానికి ఏళ్ళ తరబడి కళ్ళు పాడుచేసుకోవాలా అని వెక్కిరించేదాన్ని. చిప్పుకు ఒక చిన్న బ్యాటరీ కలిపి, దాచిన సంగతులు కరెంటు లేకపోయినా చెరిగిపోకుండా చేశాడు. తిరిగి రాగానే మొదట పాత వేడి అంకెలు బయట చూపించేలా చేశాడు. చూసేవాళ్ళు కంగారు పడకూడదట. ఆ ఆలోచనకు తనకు తానే మురిసిపోయాడు.

ఆయన అక్క ప్రేమమ్మ బోథ్‌లో ఉండేది. భర్త పోయాక మరిది పేతురు ఇల్లే ఆమెకు దిక్కయింది. పేతురు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. తిట్టి ఎరగడు. కానీ ఆ ఇంట్లో వదినకు ఉన్నది వంటింటి మూల చాప పరిచేంత జాగా, గోడకొక మేకు, ఒక సత్తు పళ్ళెం. అందరూ తిన్నాక తినేది, అందరూ పడుకున్నాక నడుం వాల్చేది. ఒకసారి చర్చి నుంచి వస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"నేనే తాళమేసి నేనే తీసుకునే తలుపు ఒక్కటుంటె సాలు ఎలీసబెతూ. ఇంకేం అడగ ఆ దేవున్ని," అంది.

ఆ తలుపు కోసమే మా ఆయన కోడిగుడ్లు పొదిగే పెట్టె చేశాడు. మందపాటి చెక్కపెట్టె, లోపల హీటరు, గాలి తిరగడానికి ఫ్యాను, బయట అంకెల్లో వేడి. జ్వరం చూసే డిగ్రీల్లో తొంభై తొమ్మిదిన్నర ఉండాలి. దాన్ని నడిపేది ఆయన చిప్పు, ఆయన భాష. వదిన బోథ్‌లోనే చిన్న పెంకుటింటి గది కిరాయికి తీసుకుంది. ఊరూరా తిరిగి మంచి గుడ్లు ఏరి తెచ్చింది. పిల్లలు దిగితే అంగడిలో అమ్ముకుని బతకొచ్చు, మరిది ఇంటికి మళ్ళీ పోనక్కర్లేదు. దిగకపోతే ఆ గదికి కిరాయి కట్టేవాళ్ళు లేరు. అంతే సంగతి. పాస్టరుగారు వచ్చి పెట్టె మీద చెయ్యిపెట్టి ప్రార్థన కూడా చేశారు.

"అక్కా, గుడ్లు తిప్పుడు ఆపినంక, ఆఖరి మూడు రోజులు పెట్టె తలుపు మాత్రం తియ్యకు. తీస్తె వేడి పోతది. గీ అంకెలు చూసుకుంటుండు, సాలు," అని మా ఆయన మరీ మరీ చెప్పి వచ్చాడు.

పిల్లలు దిగాల్సిన రోజు దాటిన మర్నాడు దుకాణానికి ఫోను వచ్చింది. "తమ్మీ, చప్పుడు అస్తలేదు," అంది వదిన. గుడ్డు లోపల పిల్ల ముక్కుతో కొట్టుకునే చప్పుడు. "అంకెలైతె మంచిగనే ఉన్నయి. తొంభై తొమ్మిదిన్నర."

ఇద్దరం నిర్మల్ మీదుగా బస్సులు మారి బోథ్ చేరాం. గదిలో అంకెలు నిజంగానే వెలుగుతున్నాయి. ఫ్యాను నేరుగా కరెంటుకే కలిపింది కాబట్టి అది తిరుగుతూనే ఉంది. ఆయన తలుపు తీసి లోపల చెయ్యిపెట్టి, అలాగే ఉండిపోయాడు. నేనూ పెట్టాను. లోపల మా చేతుల కంటే చల్లగా ఉంది.

వదిన ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది, పసుపు నూగుతో సహా. ఇంకోటి పగలగొట్టింది. మూడోదానికి నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని అదీ పగలగొట్టింది.

మా ఆయన పెట్టె ఆపకుండానే తన సామాను తగిలించి చూశాడు. చిప్పు చచ్చిపోలేదు. నాలుగైదు ఆజ్ఞల మధ్య గిరగిరా తిరుగుతోంది. పాత అంకె చూపించడం, దాచింది బయటికి తీయడం, మళ్ళీ మొదటికి రావడం. హీటరు ఆజ్ఞ దాకా అది పోనేలేదు.

"అక్కా, కరెంటు పోయిందా?"

"పోయింది తమ్మీ. ఇంక మూడు రోజులల్ల దిగుతయనంగ, దీపాలు పెట్టే యాళ్లకు."

"అప్పుడేం చేసినవ్?"

"ఏం జేస్తరు? ఫేజు మార్చిన."

ఆయన గోడ మీది స్విచ్చిబోర్డు వైపు తిరిగి చూశాడు. మా ప్రాంతంలో కరెంటు పోతే ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోరు. బోర్డు మీద మూడు ఫేజులుంటాయి. స్విచ్చి తిప్పి రెండోది చూస్తాం. అది ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. మూడోది చూస్తాం. చిన్నపిల్లలకు కూడా తెలిసిన పని. వదిన అదే చేసింది. రెండో ఫేజు వెలగగానే చిప్పు లేచి, దాచుకున్నవి బయటికి తీసుకోవడం మొదలుపెట్టింది. సగంలో కరెంటు మళ్ళీ పోయింది. అప్పుడు ఆ సగం సగం స్థితినే, అసలు సంగతులు దాచిన చోటనే, వాటి మీదే దాచింది. దాచడానికి ఆయన ఇచ్చిన చోటు ఒక్కటే మరి. మూడో ఫేజులో కరెంటు నిలిచాక తిరిగి వచ్చింది, కానీ పనిలోకి కాదు. తిరిగి రావడంలోకే తిరిగి వచ్చింది.

"ఎన్నోసార్లు చూసిన," అన్నాడు ఆయన గొణుగుతూ. "ప్లగ్గు పీకి, జరసేపు ఆగి, మళ్ల పెట్టిన. ప్రతిసారి మంచిగనే వచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్ల ఫ్యాను ఆగితె నువ్వేం చేస్తవ్? రోజూ స్విచ్చి తిప్పి ఫేజు మార్చేది నువ్వు గాదా? గా ఒక్క బల్లకాడ మాత్రం దొరలెక్క ప్లగ్గు పీకి కూసుంటివా?"

వదినే నన్ను ఆపింది. "ఊకో ఎలీసబెతూ. వానికి మాత్రం ఎర్కనా?" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టాల్సిన మనిషి తిట్టకపోతే వినేవాళ్ళకు ఎంత బరువో ఆ రోజు తెలిసింది.

మర్నాడంతా ఆయన ఆ గదిలోనే కూర్చుని దిద్దాడు. ఆపద మీద ఆపద వస్తే ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, చివరిది ముందు తీసేలా మార్చాడు. బోర్డు దగ్గర నిలబడి టకటకా ఫేజులు తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా పెట్టె తడబడలేదు. ఖాళీ పెట్టె వెచ్చగా, నిజంగానే తొంభై తొమ్మిదిన్నర దగ్గర నిలబడింది.

"అక్కా, చూడు. ఇగ తప్పు రాదు."

వదిన లోపల చెయ్యిపెట్టి చూసింది. "మంచిగున్నది తమ్మీ," అంది. అప్పటికే బట్టలు మూటగట్టుకుంది.

పేతురు ఎడ్లబండి తెచ్చాడు. గుడ్ల పెంకులు చూసి తల దించుకున్నాడు. "ఫికర్ జెయ్యకు వదినా," అన్నాడు, మనసులో ఏ కల్మషమూ లేకుండా. "నీ జాగ నీకే ఉన్నది. గట్లనే ఉంచినం."

గది తలుపుకు వదిన తనే తాళం వేసింది. తాళంచెవి ఇంటివాళ్ళకు ఇచ్చి బండెక్కింది. మేమూ వెంట వెళ్ళాం.

గట్లనే ఉంచారు. మూలన చాప చుట్టి ఉంది. మేకు ఖాళీగా ఉంది. సత్తు పళ్ళెం బోర్లించి ఉంది. మా ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. వదిన మూట మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో ఉల్లిగడ్డల ముందు కూర్చుంది.

"కత్తి యాడున్నదే?" అని తోడికోడలిని అడిగింది.

"నువ్వు పెట్టినకాడ్నే ఉన్నది అక్కా."

వదిన తల తిప్పకుండానే వెనక్కి చెయ్యి చాచింది. కత్తి చేతికందింది.