తల మీద నిప్పులు

బొగ్గులు కణకణ మండుతున్నాయి.

ఇస్త్రీపెట్టె మూత తెరిచి విసనకర్రతో విసిరాను. బూడిద లేచింది... కింద ఎర్రగా నిప్పు. ఆ ఎరుపు చూస్తే నాకు నా తోడికోడలే గుర్తొస్తుంది. ఇన్నేళ్లుగా ఆమె మీద కోపాన్ని నేను ఇలాగే కాపాడుకుంటున్నాను — కడుపులో, ఆరిపోకుండా.

ఒకప్పుడు మాది ఒకే షాపు, ఒకే బల్ల. ఆ చివర ఆమె, ఈ చివర నేను. గుమ్మం దగ్గర కుర్చీలో అత్త.

ఒకరోజు పెళ్లికొడుకు కోటు కాలింది. సరిగ్గా వీపు మధ్యలో. కాల్చింది ఆమె.

"అక్కే," అంది. వేలు కూడా చూపించింది.

అత్త నన్ను మళ్లీ ఆ బల్ల ముట్టుకోనివ్వలేదు. నిప్పు లేనిదే పొగ రాదంది వీధి. నా గడప ముందు చిన్న బల్ల వేసుకుని బతుకుతున్నాను. అత్త మాత్రం ఆ మాటే నమ్మి కన్నుమూసింది.

నా తోడికోడల్ని నేను క్షమించలేదు. ఇప్పటికీ లేదు.

ఇప్పుడు ఆమెకు పక్షవాతం. నా మీదికి వేలు చూపించిన ఆ చెయ్యే పడిపోయింది. షాపుకి తాళం. మరిది పొద్దున పనికెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదు.

సంతోషించాను. దాచడం ఎందుకు.

ఆ ఆదివారమే పాస్టరుగారు పౌలు రోమా వాళ్లకు రాసిన పత్రిక చదివారు. శత్రువుకి ఆకలేస్తే అన్నం పెట్టమన్నాడట. అలా పెడితే వాడి తల మీద నిప్పులు కుప్పపోసినట్టేనట.

అందరికీ అన్నం వినిపించింది.

నాకు నిప్పులు వినిపించాయి.

పాస్టరుగారు ఏవేవో చెప్పి వాటిని చల్లార్చాలని చూశారు. నేను చల్లారనివ్వలేదు. దాహమన్న శత్రువుకి పాలిచ్చి, వాడు నిద్రపోయాక కణతలో మేకు దిగ్గొట్టిన ఆడమనిషి కథ కూడా ఆ బైబిల్లోనే ఉంది. చిన్నప్పట్నుంచీ నాకిష్టం. కాకపోతే మేకు మన వల్ల కాదు. అన్నమైతే వండగలను.

మర్నాడు మధ్యాహ్నం గిన్నె పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను.

ఒక్కో ముద్దా చెంచాతో నోట్లో పెట్టాను — ఒక్కో నిప్పుకణిక పెట్టినట్టు. నుదుటికేసి చూశాను. ఎక్కడైనా కందుతుందా... ఎక్కడైనా మండుతుందా...

"ఉప్పు తక్కువైంది అక్కా," అంది.

నా ఒళ్లు మండింది.

మర్నాడు ఉప్పు సరిగ్గా పడింది. దానికి నా మీద నాకే కోపం వచ్చింది.

రోజూ అన్నం. రోజూ నిప్పులు. ఆమె మాత్రం రోజూ కడుపునిండా తింటోంది. లోతుకుపోయిన బుగ్గలు మళ్లీ నిండుతున్నాయి. తల మీద నిప్పులు పోస్తుంటే మనిషి ఒళ్లు చేయడం ఎక్కడైనా ఉందా?

చివరికి నిన్న ఉండబట్టలేకపోయాను.

"కోటు కాల్చింది నువ్వేనని చెప్పు. నాకు కాదు, నాకు తెలుసు. ఆ కిటికీ తెరుస్తాను, వీధి వినేలా చెప్పు."

ఆమె నమిలింది. నెమ్మదిగా మింగింది.

"నేనూ చదివాను అక్కా, పౌలు రాసిన ఆ పత్రిక. నువ్వెందుకు పెడుతున్నావో మొదటి రోజే తెలుసు."

"మరి ఎలా మింగుడుపడింది?"

"ఆకలి వేసింది."

కిటికీ రెక్క మీద నా చెయ్యి అలాగే ఉంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి... సిగ్గో, భయమో.

"చెప్తాను అక్కా. కానీ ఆ మాట చెప్పేస్తే రేపట్నుంచి నువ్వు రావుగా."

వస్తానని అనాల్సింది. అంటే చెప్పేసేది. కానీ ఆ మాట చేతికి చిక్కితే మళ్లీ ఈ గడప తొక్కుతానా? తొక్కను. అది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

అత్త చచ్చిపోయింది. నా పరువు ఈమె నోట్లో ఉంది — నా అన్నంతోపాటు.

గిన్నెలో ఇంకా రెండు ముద్దలున్నాయి. అవీ పెట్టాను. మూతి తుడిచాను. కొంచెం గట్టిగానే తుడిచాను.

తెల్లారింది. గడప ముందు బల్ల మీద ఇస్త్రీకి బట్టల గుట్ట. బొగ్గులు రాజేశాను. ఎర్రగా అంటుకున్నాయి.

వాటిని అలాగే మండనిచ్చి, లోపలికెళ్లి ముందు ఆమెకు బియ్యం కడిగాను...