అభ్యంతరములేవియు అందలేదు

పురపాలక సంఘం ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా కౌన్సిల్ సమావేశాల మినిట్స్ రాస్తోంది కాబట్టి అందరికీ ఆవిడ మినిట్సమ్మ. ఎవరైనా "ఒక్క నిమిషం" అంటే "నన్నేనా పిలిచారు?" అని నవ్వించేది ఒకప్పుడు. ఆ హాస్యమంటే ఆవిడకే ఎప్పుడో విసుగొచ్చింది.

రిటైరవడానికి నాలుగు నెలలుందనగా పాత రికార్డు గది ఖాళీ చేసే పని ఆవిడ మీద పడింది. పుస్తకాలు కొత్త భవనానికి వెళ్ళేలోపు ఏ అరలో ఏముందో జాబితా రాయాలి. ఆ గదిలోకి రోజూ చరిత్ర మాస్టారు కూడా వచ్చేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. ఊరి చరిత్ర రాస్తున్నాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని, దుమ్ము పట్టిన ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బల్ల మీద పెట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన పిలిచాడు. "అమ్మా, ఇటొకసారి రండి. మీ వంశవృక్షంలో ఒకాయన దొరికాడు."

"మా వంశమా?"

"మీలాగే మినిట్స్ రాసిన గుమాస్తా. తొంభయ్యేళ్ళ కిందటివాడు."

బల్ల మీద మూడు వస్తువులున్నాయి. మొదటిది మినిట్స్ పుస్తకం. రంగులద్దేవాళ్ళ వీధిని ఖాళీ చేయించి, ఆ స్థలం మిల్లు కాలవకి ఇవ్వాలని తీర్మానం. ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు, అంతా గుండ్రటి చేతిరాతలో ఉంది. సమావేశం శనివారం జరిగింది. రెండోది పుస్తకం పుటల మధ్య దొరికిన విడి కాగితం. దాని మీదా అదే తీర్మానం, అవే పేర్లు, అక్షరం పొల్లుపోకుండా. తేదీ మాత్రం అంతకు ముందు గురువారం. కాగితం పైన అచ్చయిన పేరు పురపాలక సంఘానిది కాదు, ఊళ్ళో అప్పుడుండే ఒక పఠన మందిరానిది.

"ఆ మందిరంలో ఆరుగురు సభ్యులు," అన్నాడు మాస్టారు. "ఒక్కడూ కౌన్సిల్లో లేడు, ఒక్కడికీ పదవి లేదు. గురువారం సాయంత్రం కూచుని టీ తాగుతూ ఇది రాసి పంపేవాళ్ళు. శనివారం నాడు కౌన్సిలర్లు వచ్చి చేతులెత్తి వెళ్ళేవాళ్ళు. ఇలాంటి కాగితాలు ఇప్పటికి నలభై దొరికాయి. నలభైలో ఒక్కటి కూడా వీగిపోలేదు."

మూడోది ఉత్తరాలు వచ్చినట్టు నమోదు చేసే రిజిస్టరు. మాస్టారు ఒక వరస మీద వేలు పెట్టాడు. రంగులద్దేవాళ్ళ దగ్గర్నుంచి అర్జీ, వచ్చిన తేదీ, నంబరు. తర్వాత మినిట్స్ పుస్తకంలో తీర్మానం చివరి వాక్యం చూపించాడు. అభ్యంతరములేవియు అందలేదు.

"వచ్చిందని ఇక్కడుంది, రాలేదని అక్కడుంది. రెండు చోట్లా ఒకే చేతిరాత. ఆ ఆరుగురి మాట సరే, వాళ్ళకి లాభముంది. ఈ గుమాస్తాకేం పోయేకాలమమ్మా? చూడండి, ఎంత అందంగా రాశాడో."

ఆవిడ తీర్మానంలోని ఆ చివరి వాక్యం మళ్ళీ చదివింది. ఆ వాక్యం ఆవిడకి కంఠతా వచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పెద్ద గుమాస్తా నేర్పాడు. "అభ్యంతరాలు రాలేదు అని మామూలుగా రాయొచ్చు కదండీ" అంటే, "మా గురువుగారు ఇలాగే నేర్పారమ్మా, ఇలాగే రాయాలి" అన్నాడాయన. ఊళ్ళో భాషంతా మారినా ఆ ఒక్క వాక్యం మారలేదు. ఒక గుమాస్తా చేతి నుంచి ఇంకో గుమాస్తా చేతికి అలాగే వచ్చేసింది.

తీర్మానాలు కూడా అలాగే వచ్చేవి. కౌన్సిల్ సమావేశం శుక్రవారమైతే మంగళవారానికే ఆవిడ కంప్యూటర్లోకి, ఆ చివరి వాక్యంతో సహా, తీర్మానం ప్రతి వచ్చేది. పంపేది అన్నయ్యగారు. ఆయనకి పదవి లేదు, ఆఫీసులో గది లేదు, కనీసం కుర్చీ లేదు. చైర్మన్ దగ్గర్నుంచి ప్యూను దాకా అందరికీ ఆయన అన్నయ్యగారే. ఆయన గుమ్మంలో అడుగు పెడితే చైర్మన్ లేచి నిలబడేవాడు. ముందే రాసి పంపుతున్నారు, మనకి శ్రమ తప్పింది అనుకునేది మినిట్సమ్మ. అనుకోవడం అలవాటైపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట మంగళవారం వచ్చిన ఒక ప్రతిలో కుట్టుమిషన్ల వీధి వెడల్పు చేయాలని ఉంది. ఆ వీధిలోనే ఆవిడ పెరిగింది. తల్లి పోయాక పిన్ని దగ్గర, కుట్టుమిషను చప్పుడులో ఎక్కాలు నేర్చుకుంది. పిన్ని పగలంతా కాజాలు కుట్టి ఆవిడని చదివించింది. వీధి పోతుందని తెలిసి పిన్నే మూడు పేజీల అర్జీ రాసింది. రెండు వందల పన్నెండు సంతకాలు పోగు చేసింది. తనే ఆఫీసుకి తెచ్చి కిటికీ లోంచి అందించింది.

"అమ్మడూ, తప్పులేమన్నా ఉంటే చూడవే. పెద్దవాళ్ళు చదివేది కదా."

ఆవిడ చదివింది. స్టాంపు వేసి రిజిస్టరులో నంబరు రాసింది, నాలుగు వందల పదిహేడు. ఆ మధ్యాహ్నం అన్నయ్యగారు వచ్చినప్పుడు, ప్రతిలో చివరి వాక్యం మార్చాలేమోనండీ అని అర్జీ చూపించింది. ఆయన రెండు వరసలు చదివి, మడిచి సంచీలో పెట్టుకున్నాడు. "ఇది నేను చూసుకుంటాలేమ్మా. నువ్వు మినిట్స్ సంగతి చూడు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అన్నాడు.

అంతే. కళ్ళెర్రజెయ్యలేదు. ఉద్యోగం ఊడుతుందని బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇన్నేళ్ళూ ఆ మాటైనా చెప్పుకుని బతికేది. మోకాళ్ళ సంగతి అడిగాడు, ఆవిడ వాక్యం మార్చలేదు. ఆ ఏడాదే వీధి నేలమట్టమైంది. మనుషులు ఊరి చివర ఫ్లాట్లకి చెల్లాచెదురయ్యారు.

రెండు రోజులు నీళ్ళు నమిలాక మూడో రోజు ఇదంతా మాస్టారుకి చెప్పింది. రిజిస్టరులో నంబరు ఉందని కూడా చెప్పింది. ఆయన రుమాలు విప్పి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇది నాకెందుకు చెప్పారమ్మా?"

"మీ పుస్తకంలో రాస్తారని. గురువారం టీ సంగతి రాస్తున్నారు కదా, దాని పక్కనే మంగళవారం సంగతి కూడా..."

"నా పుస్తకం అచ్చు వేయిస్తున్నది సంఘమే. ముందుమాట అన్నయ్యగారు రాస్తానన్నారు." ఆయన తల దించుకున్నాడు. "పోయినవాళ్ళ గురించైతే ఎంతైనా రాస్తాను. నా ధైర్యం అంతవరకేనమ్మా. మొన్న ఆ గుమాస్తాని అన్న మాట... మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు."

"నన్ను అన్నట్టే ఉందండి. అనాల్సిందే."

ఆ ఆదివారం రెండు బస్సులు మారి పిన్ని ఫ్లాటుకి వెళ్ళింది. నాలుగో అంతస్తులో ఒక గది, వంటగది, బట్టలారేసుకునేంత వసారా. పిన్నికి డెబ్బయ్యారేళ్ళు. చూపు ఆనడం లేదు. కుట్టుమిషను గోడవారగా ఉంది, దాని మీద మందుసీసాలు పేర్చి ఉన్నాయి. మినిట్సమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది, కూర్చుంటే చెప్పలేనని. మొదటి నుంచి చివరి దాకా చెప్పింది.

పిన్ని వింటూ వింటూ చీర చెంగు మడతలు పెట్టి విప్పింది, మళ్ళీ మడతలు పెట్టింది.

"అయితే ఆ మీటింగులో మా అర్జీ చదవనే లేదా?"

"లేదు పిన్నీ."

"చదివి కాదన్నారనుకున్నాను." పిన్ని గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది ఆవిడ. "నేను సరిగ్గా రాయలేదేమో అనుకున్నానే. ఎనిమిదేళ్ళు. రెండో పేజీలో కాస్త ఘాటుగా రాశాను, అది చూసి పెద్దవాళ్ళకి ఒళ్ళు మండిందేమో అనుకున్నా. మన వీధి కోటు మేస్త్రి కనబడినప్పుడల్లా నీ ఉత్తరమే మా కొంప ముంచింది అనేవాడు. నిజమే కాబోలు అని తల వంచుకుని వచ్చేదాన్ని. రాత్రిళ్ళు పడుకుని ఆ వాక్యాలే మార్చి మార్చి రాసుకునేదాన్ని, మనసులో."

"పిన్నీ..."

"టీ తాగి వెళ్ళు," అంది పిన్ని, ఎవరో చుట్టపుచూపుగా వచ్చిన మనిషితో అన్నట్టు.

ఆ శుక్రవారం సమావేశంలో మినిట్సమ్మ మంగళవారం వచ్చిన ప్రతిని ముట్టుకోలేదు. ఎవరేమన్నారో విన్నది విన్నట్టు రాసింది. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అది అర పేజీ అయింది. చివర, "ఈ తీర్మానపు ప్రతి, సమావేశమునకు మూడు రోజుల ముందే కార్యాలయమునకు అందినది" అని చేర్చి సంతకం పెట్టింది. సోమవారం అన్నయ్యగారు స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒంట్లో బాగుండటం లేదటగా. సెలవులు చాలా మిగిలిపోయాయట. రిటైరయ్యేదాకా వాడుకోమ్మా, విశ్రాంతిగా ఉంటుంది."

"నా ఒంటికేమీ కాలేదండి."

"వాడుకో," అన్నాడు, అంతే నెమ్మదిగా.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద మినిట్స్ అతికించారు. అవి మంగళవారం వచ్చినవే. అడుగున, పక్క సీటు అమ్మాయి సంతకం ఉంది. ఆ అమ్మాయి తలెత్తి ఇటు చూడలేదు. మినిట్సమ్మకి ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. ఆ చివరి వాక్యం ఆమెకి నేర్పింది తనే.

ఇంటికి వచ్చేసరికి పిన్ని ఫోను. "ఆదివారం మా ఫ్లాట్ల కింద హాల్లోకి మన వీధివాళ్ళని రమ్మన్నాను. నాకు చెప్పిందే వాళ్ళకీ చెప్పు." అని పెట్టేసింది.

రెండు వందల పన్నెండు మందిలో ఇరవై ముగ్గురు వచ్చారు. కొందరు పోయారు, కొందరు ఎక్కడున్నారో తెలియదు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూచున్నారు. మినిట్సమ్మ నిలబడి చెప్పింది. ముప్ఫయ్యొక్కేళ్ళు పక్కన కూచుని రాసిన మనిషే గాని, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం అదే మొదలు. చెప్పడం అయ్యాక ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం లేచి, కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి నెట్టి వెళ్ళిపోయింది.

కోటు మేస్త్రి వెనక వరసలోంచి అడిగాడు. "అయితే ఒక్కరు కూడా చదవలేదన్నమాట."

"నేను చదివాను."

"మొత్తమా?"

"మొత్తం."

"ఏముందమ్మా అందులో? నేను సంతకం పెట్టానే గాని చదవలేదు."

కొందరు నవ్వారు. ఆవిడ గుర్తు తెచ్చుకుంది. మన వీధి తూర్పు వైపు తెరుచుకుని ఉంటుందని, పొద్దున్నే వెలుతురు సూటిగా పడితేనే నల్లబట్ట మీద నల్లదారం కనిపిస్తుందని, అందుకే దళసరి కళ్ళజోళ్ళ మేస్త్రీలంతా ఆ వీధిలోనే ఉంటారని మొదటి పేజీలో ఉంది. రోడ్డు వద్దని మేము అనడం లేదు, మా వెలుతురు తీసుకుపోవద్దంటున్నాం అని రెండో పేజీలో ఉంది. ఎవరి దుకాణం ఎక్కడుందో, ఎవరికి చేతికింద ఎంతమంది పని చేస్తున్నారో మూడో పేజీలో ఇంటి వరసన ఉంది. కోటు మేస్త్రి పేరు ఏడోది.

"అదా రాసింది," అన్నాడు కోటు మేస్త్రి. కాసేపటికి లేచి, గోడవారగా కూచున్న పిన్ని దగ్గరికి వెళ్ళాడు. ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడి, ఆమె చేతికర్ర కింద పడి ఉంటే తీసి ఒడిలో పెట్టాడు. "మంచిగానే రాశావమ్మా," అన్నాడు. పిన్ని తలూపింది.

చీకటి పడకముందే అందరూ వెళ్ళిపోయారు. పిన్ని గేటు దాకా వచ్చింది, చెయ్యి పట్టుకోలేదు. ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు.

"నువ్వు అప్పుడే చెప్పి ఉన్నా మనం ఓడిపోయేవాళ్ళమేనే," అంది పిన్ని, రోడ్డు వైపు చూస్తూ. "ఆయన్ని ఎవరు గెలుస్తారు? అయినా చెప్పాల్సింది."

"అవును పిన్నీ."

బస్సు వచ్చింది. మినిట్సమ్మ ఎక్కి కిటికీ లోంచి చూసేసరికి పిన్ని అప్పటికే వెనక్కి తిరిగి మెట్ల వైపు నడుస్తోంది.