తెలీబంధా గట్టున సముద్రం

రాయ్‌పూర్‌లో సముద్రం సంగతి నాకు తెలిసినంత మరొకడికి తెలియదు. తెలుసనేవాడుంటే నా ముందుకు తీసుకురండి. నా పదహారో ఏట కళింగపట్నం దగ్గర తాటిచెట్టంత కెరటం మీదికొస్తుంటే, తోటివాళ్లంతా దేవుళ్ల పేర్లు వెతుక్కుంటుంటే, నేను ఒంటిచేత్తో తెడ్డు పట్టి, రెండో చేత్తో చుట్ట ఆరిపోకుండా కాచుకుంటూ పడవను అవతలికి దాటించాను. రైల్వేలో ఉన్నన్నాళ్లూ ఈ కథ చెప్పాను. విన్నవాళ్లు రిటైరైపోయారు గానీ కథ ఇంకా సర్వీసులోనే ఉంది.

ఆ పేరు విని పూర్ణిమ మేడం మా గుమ్మం తొక్కింది. తీరప్రాంతపు ముసలివాళ్ల మనసు బాగుచేసే సంస్థ ఆవిడది, ఎక్కడో పెద్ద ఊళ్లో ఉందట. ఆ పథకంలో రాయ్‌పూర్‌కీ వాటా వచ్చింది. సముద్రానికి మాత్రం రావడానికి వీలుపడలేదు. మార్చి వెళ్లేలోగా కొందరు తీరపు ముసలివాళ్లను సంతోషపెట్టి తీరాలి.

"తాతాజీ, మీరు కోస్టల్ కదా?"

"నా చెమట ఎండబెడితే రాయ్‌పూర్‌కి ఉప్పు సరిపోద్దమ్మా," అన్నాను.

నాతోపాటు వాళ్లకు దొరికిన అసలు సరుకు నూకరాజు బావ. భావనపాడు వైపు పల్లెలో పుట్టి, వేటలోనే ముసలైనవాడు. తుఫాను ఇంటి కప్పు ఎత్తుకుపోయాక కొడుకు దుర్గారావు ఆయన్ని రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్‌కి తెచ్చుకున్నాడు. దుర్గారావుది ఉర్లాలో ఫ్యాక్టరీ పని. మంచి పిల్లాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నూకరాజు ఎప్పుడో పారిపోయేవాడు. వేళకు అన్నం, ఫ్యాను, టీవీ, అన్నీ ఉన్నాయి. ఆయన మాత్రం గోడకు వీపు ఆన్చి, ఎవరో చెప్పులు దాచేసినవాడిలా కూర్చునేవాడు. నోరు విప్పితే ఒక్కటే మాట: "ఊరికి పంపరా."

చివరికి దుర్గారావు విసిగిపోయాడు. "సరే అయ్యా. ఆ సంస్థవాళ్లు చూస్తారు. నువ్విక్కడ ఖుషీగా ఉన్నావని వాళ్లంటే, జిద్దు మానేసి ఇక్కడే ఉండాల. కాదంటే విశాఖ బండి ఎక్కించేస్తాను."

నూకరాజు నాకేసి తిరిగాడు. "బావా, ఆ దినం నన్ను నవ్వించినావంటే నీ పళ్లు రాలగొడతాను."

"ఉన్నవే రెండు బావా. చూసి కొట్టు."

కార్యక్రమం తెలీబంధా చెరువుగట్టున పెట్టారు. ఊరంతా ఆ గట్టును మెరైన్ డ్రైవ్ అంటుంది. నీళ్లున్నాయి, గట్టుంది, పేరుంది. సముద్రానికి ఇంకేం కావాలి? ఆరంగ్ నుంచి మహానది ఇసుక తెప్పించి పరిచారు. స్పీకరులో కెరటాల హోరు పెట్టారు. మా నెత్తిన తలా ఒక గడ్డి టోపీ బోర్లించారు. సర్కస్ దిగిందనుకుని పానీపూరీవాడు తన బండిని దగ్గరికి తోసుకొచ్చాడు.

"తాతాజీ, ఆంఖే మూసుకోండి. మీరిప్పుడు మీ సముద్రం దగ్గరున్నారు. ఎలా ఉంది?" అంది మేడం.

నూకరాజు ఒక కన్ను తెరిచి చెరువు చూశాడు. "ఎప్పుడు సచ్చిపోనాదమ్మా?"

"ఎవరు?"

"ఈ సముద్రం. పీనుగలాగ కదలకండా పడుంది."

మేడం బొమ్మల అట్టలు తీసింది. ఒకదాని మీద ఏడుపు మొహం, ఇంకోదాని మీద ఎటూ కాని మొహం, మరోదాని మీద నవ్వు మొహం. నూకరాజు ఏడుపు మొహం మీద బొటనవేలు పెట్టి ఇక తీయలేదు.

"అయ్యో, ఫోటోకి నవ్వు కావాలి తాతాజీ! ఏం చేస్తే నవ్వుతారు?"

"ఊల్లో మా ఇంటికి రేకులెయ్యండి."

"కప్పు స్కీమ్‌లో లేదు తాతాజీ. నవ్వు ఉంది."

దుర్గారావు తల దించుకున్నాడు. మేడం నా చేతికి మైకు ఇచ్చింది. "మీరొక మజేదార్ కథ చెప్పండి. ఆయన నవ్వితే అందరం భోజనానికి పోదాం."

చెప్పకూడదు. చెబితే నా బావ బీర్‌గావ్ గోడకు అతుక్కుపోతాడు. కానీ ఎదురుగా అంత జనం, చేతిలో మైకు! మైకు అందాక నోరు మూసుకున్న ముసలాడిని మీరెక్కడైనా చూశారా? కళింగపట్నం కథ ఎత్తుకున్నాను. ఆ రోజు కెరటం ఇంకో తాటిచెట్టంత పెరిగింది. పడవను అడ్డంగా తిప్పానన్నాను.

"ఆపెహె!" నూకరాజు టోపీ విసిరేసి లేచాడు. "అడ్డం తిప్పితే బోర్లా పడిపోద్ది బావా! పెద్ద కెరటాల్ని పోనియ్యాల. సిన్నది సూసి, దానికి ముక్కు ఎదురెట్టి తొయ్యాల. నువ్వా కొస పట్టు! దుర్గా, సూస్తావేట్రా, తొయ్యి!"

దుర్గారావు లేని పడవ మీద చేతులు వేసి తోశాడు. నేనూ తోశాను. మహానది ఇసుకలో ముగ్గురం ఆయాసపడ్డాం. "అదీ! దాటేసినాం!" అన్నాడు నూకరాజు. "మా సెల్లి బంగారమ్మ ఒడ్డున బుట్టట్టుకుని నిలబడుంటాది. ఏం తెచ్చినావన్నా అంటాది. దానికి ఎంత తెచ్చినా తక్కువే!"

అని నవ్వాడు. నోరంతా తెరిచి నవ్వాడు. ఫోటో పడిపోయింది.

"హోగయా! ఖుష్!" మేడం నవ్వు అట్ట పైకెత్తింది. నూకరాజు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా వంక చూసి ఇసుకలో కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అప్పుడు దుర్గారావు అన్నాడు: "మేడంగారూ, ఆయనిక్కడ నవ్వలేదండీ."

"అరే, నా కళ్లతో చూశాను కదా!"

"ఇక్కడికొచ్చాక మా అయ్య ఇన్ని మాటలు ఆడ్డం నేను వినలేదు. ఆడినవన్నీ అక్కడివే." తండ్రి చెయ్యి పట్టి లేపాడు. "లే అయ్యా. బండి టిక్కెట్టు తీస్తాను. రేకులు నేనే వేస్తాను."

ప్లాట్‌ఫారం మీద నూకరాజు నన్ను పక్కకు లాగాడు. "నిజం సెప్పు బావా. ఎప్పుడైనా పడవెక్కినావా?"

"ఎక్కాను. ఒడ్డున కట్టేసి ఉండగా. దానికే కక్కుకుంటే భుజాన వేసుకుని దించారు. చుట్ట మాత్రం నిజం."

దుర్గారావు సెలవు పెట్టి వెళ్లి రేకులు వేసి వచ్చాడు. మొన్న బంగారమ్మ ఫోను చేసింది. "మా అన్న మోకాలు నొప్పంటాడు, కూరలో ఉప్పు సాల్దంటాడు, కుర్రోళ్లకి వల అల్లడం రాదని దెబ్బలాడతన్నాడు." అంటే బాగున్నాడన్నమాట.

ఇక్కడ తెలీబంధా గట్టున మాత్రం నూకరాజు నవ్వు మొహంతో పెద్ద బోర్డు లేచింది, 'సాగర చికిత్స సఫలం' అని. ఆయన ఊరెళ్లిపోయాడని చెప్పగానే పూర్ణిమ మేడం సిగ్గుపడి, స్వహస్తాలతో ఆ బోర్డు దింపేసింది.

ఈ కథలో నేను కల్పించినది ఆ దింపడం ఒక్కటే. బోర్డు అక్కడే ఉంది. మధ్యాహ్నం ఎండవేళ పానీపూరీవాడు బండిని దాని నీడకు తోసుకుంటాడు. కప్పు స్కీమ్‌లో లేదన్నారు గానీ, పోనీలెండి, వాడికైనా దొరికింది.