చెరో డబ్బా

టీవీ మాటలు సరిగా వినపడక అత్తాకోడళ్లు రోజూ కీచులాడుకుంటుంటే, ఇంటి శాంతి కోసం టైలరు మామగారు చవకలో బుల్లి స్పీకర్ల జత తెచ్చాడు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఒకటి భార్య కుర్చీ పక్కన, రెండోది కోడలుండే వంటింట్లో బిగించాడు. సీరియల్లో అత్తాకోడళ్ల పోట్లాట మొదలైంది. ఒక్కో స్పీకరుకి ఒక్కో వైపు గొంతే వచ్చి, తెర మీది అత్త మాటలు హాల్లో మాత్రమే, కోడలి మాటలు వంటింట్లో మాత్రమే పలికాయి.

"పెద్దావిడ అంత మొత్తుకుంటుంటే, ఆ పిల్ల పెదాలాడిస్తుందే గానీ జవాబివ్వదు. ఎంత పొగరు!" అంది భార్య.

"మొత్తుకునేది ఆ పిల్లే అత్తయ్యా! ముసలావిడే బెల్లం కొట్టిన రాయిలా ఉంది!" అని వంటింట్లోంచి కోడలు కేకేసింది.

"ముసలావిడెవరే?"

మామగారు స్పీకరు డబ్బాలు రెండూ ఊడబీకి దుకాణానికి నడిచాడు.

"సౌండు బాలేదా బాబాయ్?" అన్నాడు కొట్టు కుర్రాడు.

"దివ్యంగా ఉంది నాయనా. ఎవరి పక్షం వాళ్లకే వినిపిస్తోంది."