ఆకలి నీళ్లు

ఓక్న ఊళ్లో ఉప్పుగనిలోకి దిగిన మనిషి, ఎక్కడ నీటిచుక్క కనబడినా వేలితో అద్ది నాలుక మీద వేసుకోవాలి. తాతముత్తాతల నాటి కట్టుబాటు అది. నోరు పొక్కేంత ఉప్పగా ఉంటే అవి కడుపు నిండిన నీళ్లు, వాటితో ఏ బాధా లేదు. చప్పగా ఉంటే మాత్రం ఆకలి నీళ్లు. ఆకలి నీళ్లు ముందు గోడల్ని తింటాయి, తర్వాత స్తంభాల్ని, ఆ పైన మనుషుల్ని. చప్పదనం నాలుకకు తగిలిందంటే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పైకెక్కమని పెద్దలు చెప్పేవారు.

ఇంత చక్కటి అలవాటును మాన్పించిన ఘనత స్మరాండ టీచరుకు దక్కింది. ఆవిణ్ణి తప్పు పట్టడానికీ లేదు. గని మూతపడి చాలా కాలమైంది. పై గది ఒక్కటి మాత్రం ఉబ్బసం పిల్లల కోసం తెరిచి ఉంచారు. ఉప్పు గాలి పీలిస్తే ఊపిరి తేలికపడుతుందని చుట్టుపక్కల ఊళ్ల తల్లులు పిల్లల్ని తెచ్చి అప్పగిస్తారు. చలికాలమంతా పగటిపూట వాళ్లు ఉండడం అక్కడే, చదువూ అక్కడే. దగ్గే పిల్లలు ఒకరు తాకిన గోడను ఇంకొకరు తాకి, ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటుంటే ఏ టీచరు చూస్తూ ఊరుకుంటుంది?

"రుచి చూడకుండా దిగుతారటే? మీ నాన్న వింటే తల బాదుకునేవాడు," అనేది రఫీల. గని గుమ్మంలో కూర్చుని పిల్లలకు ఉన్ని దుప్పట్లు అందించే ఈ ముసలావిడ స్మరాండకు స్వయానా మేనత్త.

"మా నాన్న రుచి చూసే కదత్తా దిగింది. పైకొచ్చాడా మరి?"

దాంతో రఫీల దుప్పట్లు మడవడంలో పడేది. స్మరాండ తండ్రి అవెర్కియె ఆ గనిలోనే పోయాడు. అప్పటికి స్మరాండ ఉయ్యాల్లో ఉంది. అడుగు సొరంగంలో నీళ్లు చప్పబడ్డాయని మొదట కనిపెట్టింది అతనే. సుత్తి తీసుకుని గోడ మీద తట్టాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. పైకెక్కండని దాని అర్థం. అందరూ ఎక్కారు. అతనొక్కడూ ఎక్కలేదు. తర్వాత పై గదిలోకి తెరుచుకునే ఆ సొరంగం నోటికి చెక్కలు కొట్టి, బంకమట్టి పూసి మూసేశారు. తండ్రి మొహం ఎలా ఉంటుందో తెలియని పిల్ల పెద్దదై రసాయనశాస్త్రం చదివింది. గని మనుషుల్ని ఉంచేసుకుంటుందనీ, ఉప్పుకు జాలి ఉండదనీ ఊరు చెప్పే కబుర్లంటే ఆమెకు ఒళ్లు మంట.

మూసిన సొరంగానికి పక్కనే వర్వరమ్మ నిలబడి ఉండేది. గనివాళ్లను కాచే పుణ్యాత్మురాలు. ఆ బొమ్మను ఉప్పురాతిలో చెక్కింది కూడా అవెర్కియెనే. మెట్ల వైపు తిరిగి, వచ్చేవాళ్లను పలకరిస్తున్నట్టు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, ఆ చలికాలంలో వర్వరమ్మ మొహం మారడం మొదలైంది.

ముందు చూసింది పిల్లలే. కళ్లు నున్నబడిపోయాయి. ముక్కు చదునైంది. మూసిన సొరంగం వైపున్న చెంప మీద రెండు గుంటలు పడ్డాయి. కొత్త కళ్లు మొలిచినట్టే ఉన్నాయి. రోజురోజుకీ గుంటలు లోతయ్యాయి. చివరికి ఎవరు చూసినా వర్వరమ్మ తల తిప్పి గోడ వైపు చూస్తోందనే అంటారు. రఫీలకు వార్త చేరగానే ఇద్దరు ముసలమ్మల్ని వెంటబెట్టుకొచ్చి కొవ్వొత్తులు వెలిగించింది. తనను చెక్కినవాణ్ణి చూసుకుంటోంది తల్లి, ఇక పిల్లల ఉబ్బసం ఉఫ్‌మని పోతుంది అని తేల్చేసింది.

"నీళ్లు కారి కరిగిందత్తా. ఉప్పు కరగక రాయిలా ఉంటుందా?" అంది స్మరాండ.

అంతటితో ఆ సంగతి వదిలేసింది. సగం జవాబు దొరకగానే సంచీ సర్దుకోవడం చదువుకున్నవాళ్లకు అలవాటు.

ఇంకొకటి కూడా ఉంది. దాని గురించి పిల్లలు పైకి అనుకునేవారు కాదు. పాఠం ఆగి గది నిశ్శబ్దమైనప్పుడు, గోడ అవతల ఎక్కడో లోతున తట్టినట్టు వినిపించేది. టక్, టక్. కాసేపటికి టక్.

ఆ రోజు పాఠం బంధాల గురించి. స్మరాండ పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టింది.

"పరమాణువు మధ్యలో గట్టి గింజ ఉంటుంది. దాని చుట్టూ వరసలు వరసలుగా ఎలక్ట్రాన్లు. చుట్టరికాలన్నీ పైవరసతోనే. పైవరసలో ఎనిమిదుంటే పరమాణువుకు నిశ్చింత. క్లోరిన్‌కు ఏడే ఉన్నాయి. పాంఫిల్, నువ్వే క్లోరిన్‌వి."

"నేనే ఎందుకు టీచర్?"

"ఇంకొక్కటుంటే బాగుండునని ఎప్పుడూ ఏడిచేది నువ్వేగా. నిన్న జున్నురొట్టె దగ్గర చూడలేదూ?"

పిల్లలు నవ్వారు. అందరికంటే గట్టిగా పాంఫిల్ నవ్వి, దగ్గి, సర్దుకున్నాడు.

"కొద్రుత్సా, నువ్వు సోడియంవి. నీ పైవరసలో ఉన్నది ఒక్కటే. ఇంకో ఏడు ఎక్కణ్ణుంచి తెస్తావు? ఆ ఒక్కటీ వదిలేస్తే అడుగున నిండుగా ఉన్న వరసే పైవరస అవుతుంది. నీ చేతితొడుగు తీసి వాడికివ్వు."

కొద్రుత్స పుల్లలా ఉండే పిల్ల. కళ్లు మాత్రం చేరడేసి. తొడుగు విప్పి పాంఫిల్ చేతిలో పెట్టింది.

"ఎలక్ట్రాన్‌ది మైనస్. దాన్ని ఇచ్చేసిన సోడియం ప్లస్ అవుతుంది, పుచ్చుకున్న క్లోరిన్ మైనస్ అవుతుంది. ప్లస్సు, మైనస్సు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అదే బంధం. తొడుగు తాడేం కాదు. ఒకరు పోగొట్టుకోవడం, ఒకరు పుచ్చుకోవడం, అదే లాగుతుంది."

"నేను ఇచ్చేశానుగా టీచర్. ఇంక పోవచ్చుగా?" అంది కొద్రుత్స.

"ఇచ్చావు కాబట్టే పోలేవు."

ఎందుకో ఆ మాట అన్నాక స్మరాండకు భుజాలు చల్లబడ్డాయి. గోడ అవతల తట్టుడు వినిపించింది. రెండు, ఆగి ఒకటి. ఉప్పు బిగుసుకునే చప్పుడు, అంతే అని తనకు తాను చెప్పుకుని గొంతు పెంచింది.

"ఇద్దరితో అయిపోదు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. పైనా కిందా పక్కలా అలా పట్టుకుంటూ పోతే ఈ గది, ఈ గోడ, ఆ వర్వరమ్మ."

"మరి నీళ్లో?" అన్నాడు పాంఫిల్.

"నీళ్లది పొత్తు కాపురం. ఆక్సిజన్‌కు ఆరున్నాయి, రెండు తక్కువ. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే, దాని చిన్న వరసకు రెండుంటే చాలు. కాబట్టి ఇచ్చేయడం లేదు, పుచ్చుకోవడం లేదు. చెరొకటి పెట్టి జంటను ఉమ్మడిగా వాడుకుంటాయి. ఒకే దుప్పటి కప్పుకున్న అన్నదమ్ముల్లాగ. అయితే ఆక్సిజన్ గడుసుది, దుప్పటిని తన వైపు లాక్కుంటుంది. అందువల్ల ఆ కొసకు కొంచెం మైనస్, హైడ్రోజన్ల కొసకు కొంచెం ప్లస్. ఇప్పుడు ఈ నీళ్లు ఉప్పు దగ్గరికొచ్చాయనుకోండి. అంచున ఉన్న సోడియం చుట్టూ ఆక్సిజన్ కొసలు మూగుతాయి. క్లోరిన్ చుట్టూ హైడ్రోజన్ కొసలు మూగుతాయి. తలో వైపు లాగి విడదీసి మోసుకుపోతాయి. కరగడమంటే అదే."

"గోడంతా అయిపోయేదాకానా?"

"కాదు. నీళ్లలో ఉప్పు నిండిపోయాక, ఎంత ఊడుతుందో అంతా మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. ఇక గోడ తరగదు. మీ తాతలు కడుపు నిండిన నీళ్లన్నది వాటినే."

చెబుతుంటే ఆమెకే ముచ్చటేసింది. పాఠం ఎంత చక్కగా కుదిరింది! కొద్రుత్స మాత్రం వర్వరమ్మ వైపే చూస్తోంది.

"టీచర్, కడుపు నిండిన నీళ్లయితే కరగదన్నారు. మరి వర్వరమ్మ ఏ నీళ్లకు కరుగుతోంది?"

స్మరాండ బొమ్మ వైపు తిరిగింది. ఈలోగా కొద్రుత్స బొమ్మ దగ్గరికి వెళ్లింది. మూసిన సొరంగం మట్టిపూత పగులులోంచి సన్నటి ధార వర్వరమ్మ చెంప మీదికి చిమ్ముతోంది. వద్దన్న పని చేస్తున్నానని తెలిసి ఒకసారి టీచరు వైపు దొంగచూపు చూసి, పగులు దగ్గర వేలు అద్ది నాలుక మీద వేసుకుంది.

"చప్పగా ఉన్నాయి టీచర్. మా బావి నీళ్లలా."

స్మరాండ వెళ్లి తనూ రుచి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పని చేయడం అదే మొదలు. పేరుకు కాస్త ఉప్పదనం, అంతే. ఎక్కడో పైన వాగు దారి చేసుకుని సొరంగంలోకి దిగుతోంది. ఉప్పుతో నిండే తీరిక కూడా లేనంత జోరుగా వస్తోంది. గోడ అవతల ఎంత తినేసిందో, ఇవతలికి ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? పిల్లల తల్లులందరి మొహాలూ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు కదిలాయి. ఈ ఊపిరాడని పిల్లల్ని తన చేతిలో పెట్టి వెళ్లారు వాళ్లు.

"దుప్పట్లు వదిలేయండి. పైకి," అంది.

లిఫ్టులో పట్టేది కొందరే. బాగా నీరసంగా ఉన్నవాళ్లను అందులో ఎక్కించి పంపింది. అది మళ్లీ దిగేదాకా ఆగే ధైర్యం లేక మిగతావాళ్లను చెక్కమెట్లు ఎక్కించింది. మంచి ఊపిరి ఉన్నవాళ్లకే ఆయాసం తెప్పించే మెట్లవి. పిల్లలు భయంతో పరిగెత్తారు. మొదటి మలుపు తిరిగేసరికి పాంఫిల్ గోడకు చేరగిలబడ్డాడు. ఛాతీలో పిల్లి కూతలు. కొద్రుత్స పెదవులు నీలం తిరిగాయి.

అప్పుడు కింద నుంచి తట్టుడు మొదలైంది. ఈసారి ఉప్పు బిగుసుకోవడమని ఎవరినీ నమ్మించలేనంత స్పష్టంగా ఉంది. టక్, టక్. ఆగి, టక్. తొందర లేదు, తడబాటు లేదు.

"చప్పుడు వింటూ ఎక్కండి. రెండు దెబ్బలకు రెండు మెట్లు. మూడో దెబ్బకు ఆగి ఊపిరి," అంది స్మరాండ. ఎందుకలా చెప్పానని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. రెండు మెట్లు, ఒక ఊపిరి. రెండు మెట్లు, ఒక ఊపిరి. పిల్లల ఛాతీల్లో ఈలలు నెమ్మదించాయి. ఆమె అందరికంటే వెనక కొద్రుత్సను నడుం పట్టుకుని ఎక్కింది. అడుగున ఏదో పెద్దది కూలింది. కొవ్వొత్తి ఆరినప్పటి వాసనతో చల్లగాలి మెట్ల మీదుగా పైకి తన్నింది. ఆ గాలిలోనూ తట్టుడు ఆగలేదు. చివరి పిల్ల కూడా వెలుతురులో పడింది.

తెల్లారేసరికి గని మీది పచ్చిక మైదానం దిగబడి, అక్కడ ఆకుపచ్చటి మడుగు వెలిసింది. ఒక్క ప్రాణమూ పోలేదు. నగరం నుంచి ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్లారు. ఇంత జరిగాక కూడా తట్టుడు వినిపిస్తూనే ఉంది. మడుగు అడుగు నుంచి వస్తోంది. పొద్దున్నే మేకల్ని తోలుకెళ్లేవాళ్లు ఆ దారి మానేశారు.

"కింద ఖాళీల్లో గాలి చిక్కుకుంది. బుడగలు," అంది స్మరాండ.

ఆమె మంచం దిగకుండా జ్వరంతో పడుకుంటే రఫీల మొక్కజొన్న పిండితో మమలీగ వండి తెచ్చింది. గిన్నె పెట్టి వెళ్లకుండా మంచం అంచున కూర్చుంది.

"ఒక మాట చెప్పాలే. మీ మావయ్య పోయేముందు చెప్పాడు. ఇన్నాళ్లూ నోరు రాలేదు నాకు. తట్టిన మనిషి ఉత్తినే ఎక్కకూడదటే. పైకి చేరినవాళ్లు గుమ్మంలో వేలాడే ఇనప పట్టా ముక్క మీద కొట్టాలి, అందరం వచ్చేశామని. అది వినపడేదాకా కిందివాడు తడుతూనే ఉండాలి. ఎవరైనా వెనకబడ్డారేమో అతనికేం తెలుస్తుంది?"

"అయితే?"

"ఆ రోజు ఎవరూ కొట్టలేదే పిల్లా. మీ మావయ్యతో సహా అందరూ ప్రాణభయంతో ఊళ్లోకి పరిగెత్తారు. ఒక్కరికీ గుర్తులేదు."

ఆ పట్టా ముక్క స్మరాండకు తెలుసు. గని గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. ఏ రోజుకారోజు తన కోటు తగిలించేది దానికే.

సాయంత్రం వెలుతురు ఉండగానే లేచి వెళ్లింది. గుమ్మం మడుగు ఒడ్డున పక్కకు ఒరిగి నిలబడి ఉంది. కోటు ఇంకా అక్కడే వేలాడుతోంది. కింద నుంచి తట్టుడు. రెండు, ఆగి ఒకటి. కోటు తీసి కింద పడేసి, ఒక రాయి తీసుకుంది. ఎన్ని దెబ్బలు కొట్టాలో రఫీల చెప్పలేదు, తను అడగలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. అందరం వచ్చేశాం. అప్పటివాళ్లూ వచ్చేశారు, ఇప్పటి పిల్లలూ వచ్చేశారు. ఒక్కరూ వెనకబడలేదు.

కింద టక్, టక్ అంది. మూడో దెబ్బ రాలేదు.

బుడగలు అయిపోయాయని అనుకోవచ్చు. ఆమె అనుకోలేదు. మడుగు కదలకుండా పడి ఉంది. ఇంతకాలమూ ఒక మనిషి తనకోసం కింద ఉన్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇక లేడన్నది కూడా అదే క్షణంలో తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"నాన్నా," అంది. అలా పిలవడం ఆమెకు అదే మొదటిసారి. "ఇంకొక్కటి తట్టు నాన్నా."

చీకటి పడి, రఫీల లాంతరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే చెవి ఒగ్గి కూర్చుంది.