వెనక్కి తిరిగిన అంకెలు

నేను ఒక కారు మీటరును. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పడం నా ఉద్యోగం. ప్రస్తుతం శ్రీకాకుళంలో పాత ఇనుప సామాన్ల కొట్టులో, ఒక కుక్కరు మూతకీ విరిగిన ఫ్యాను రెక్కకీ మధ్య పడి ఉన్నాను. ఇక్కడ నా మాట ఎవరూ నమ్మరు. మీరూ నమ్మనక్కర్లేదు. నేనూ మిమ్మల్ని నమ్మను లెండి, మనుషులతో నా అనుభవం అలాంటిది.

పుట్టినప్పుడు ఆరు సున్నాలు చూపించాను. అంత నిజాయితీగా మళ్లీ ఎన్నడూ లేను. మొదట పాలకొండలో ఒక పురుళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేశాను. ఆవిడ బ్రేకు వేస్తే చాలు, వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషికి కాన్పు అయిపోయేది. అలా ఏడుగురు పుట్టారు. ఎనిమిదోవాడు బ్రేకు దాకా ఆగలేదు, హారను మోతకే బయటికొచ్చాడు. తర్వాత ఒక టాక్సీవాడు కొని, నా చేత లక్షా నలభై వేలు దాటించి, ఒక బ్రోకరుకి అప్పగించాడు. ఆ మహానుభావుడు నన్ను ఊడదీసి, డ్రిల్లు మిషను తగిలించి, నా అంకెల చక్రాలను వెనక్కి తిప్పాడు. ఒక టీ తాగినంతసేపట్లో లక్ష కిలోమీటర్లు మాయం. పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు తుడిచి మళ్లీ బిగించాడు.

ఆ ముస్తాబు చూసి మోసపోయినవాడు కూర్మారావు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పక్క సీట్లో భార్య వరహాలమ్మ. పెళ్లై ముప్పయ్యారేళ్లు. ఇంట్లో కాగితాల పనంతా ఆవిడదే. ఆవిడ వేలు చూపించిన చోట ఆయన సంతకం పెట్టేవాడు. ఊరందరి ఉత్తరాలూ పంచిన మనిషి తన ఇంటి కాగితం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

వానలు వెనకబట్టాక, దీపావళి వెళ్లిన వారానికి ఇద్దరూ బయల్దేరారు. సాలిహుండం స్తూపాలు, బొబ్బిలి కోట చూసుకుని, అనంతగిరి మీదుగా అరకు వెళ్లాలని. సాలిహుండం కొండ దిగుతుండగా, మంచినీళ్ల సీసా తీయబోతే వరహాలమ్మ సంచీలోంచి ఒక కార్డు జారి ఒళ్లో పడింది. గబుక్కున జాకెట్లో దోపుకుంది. నేను చూశాను. ఓరకంట ఆయనా చూశాడు.

ఆ సాయంత్రం బొబ్బిలి లాడ్జిలో గుమాస్తా ఇద్దరి ఆధార్ కార్డులూ అడిగితే ఆవిడ ఇంట్లో మర్చిపోయానందట. ఆయన కార్డుతోనే సరిపెట్టుకుని గది ఇచ్చారు. మర్నాడు బండెక్కాక కూర్మారావు కదిపాడు.

"నిన్న నీ ఒళ్లో పడింది ఏటే?"

"మందుల చీటీ అండి."

"మందుల చీటీ మీద నీ ఫొటో ఎందుకేశారు?"

"మీరు ముందు కళ్లజోడు మార్పించుకోండి."

ఘాటు రోడ్డుతోపాటు ఆయన అనుమానమూ మెలికలు తిరిగింది. ఆవిడ మొక్కజొన్న పొత్తుల కోసం దిగినప్పుడు స్టీరింగుతో చెప్పుకున్నాడు: "కార్డు మీద ఆళ్లన్నయ్య ఇంటి అడ్రసు ఏయించేసుకుందేటి? నన్నొదిలి ఎళ్లిపోతాదేటి?" ఆ మాటతో పళ్లు కొరికాడో, ఏడుపు మింగాడో నా అద్దంలోంచి సరిగ్గా కనపడలేదు.

అనంతగిరిలో లాడ్జి యజమాని కారు దగ్గరికే వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఇద్దరి కార్డులూ ఉండాలండి. ఈమధ్య ఎవరెవరో వచ్చి భార్యాభర్తలమంటున్నారు."

కూర్మారావుకి అరవయ్యొక్కేళ్లు. "మనం లేచిపోయి వచ్చామనుకుంటున్నాడే," అన్నాడు భార్యతో. కొంచెం గర్వంగానే అన్నాడని నా అనుమానం. వరహాలమ్మకి మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి. కార్డు తీసి యజమానికి కాదు, భర్త చేతిలో పెట్టింది.

"మీరే చదవండి. చదివాక నన్నిక్కడే దింపేసినా సరే."

ఆయన అడ్రసు చూశాడు. తమ ఇంటిదే. పుట్టిన సంవత్సరం దగ్గర ఆగిపోయాడు. ఆయన పుట్టింది యాభై అయిదులో. కార్డు మీద యాభై మూడు.

"తప్పు పడిందేటి?"

"నేదండి. బళ్లో రాసిన అసలు తేదీ అది. పెళ్లికొడుకు కంటే పెద్దదంటే మీవాళ్లు ఒప్పుకోరని మా నాన్న నాలుగేళ్లు కోసేశాడు. ఏటా చెబుదామనే అనుకున్నాను. చెప్పని ఏళ్లే ఎక్కువైపోనాయి."

నాలుగేళ్లు తగ్గినందుకు ఆ మనిషి ముప్పయ్యారేళ్లు భయపడింది. లక్ష తగ్గిన నేను ఒక్కరోజూ సిగ్గుపడలేదు.

గది దొరికింది. మర్నాడు అరకు దారిలో, వలిసె పూలు పొలాలనిండా పచ్చగా విచ్చుకున్న చోట, ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆవిడ సంచీ గట్టిగా పట్టుకుంది, దిగమంటాడేమోనని.

"పెద్దదానివై ఉండి ఇన్నాళ్లూ నన్ను 'మీరు' అన్నావు. నేనేమో 'ఏటే, ఒసే' అన్నాను. అంతా తిరగబడిపోనాది." చెయ్యి చాపి, "వరహాలమ్మగారూ, కొంచెం మంచినీళ్లిస్తారా?" అన్నాడు.

ఆవిడ సీసా అందించింది. రెండు మలుపులు దాటాక, మెల్లగా అంది:

"ముందు రోడ్డు చూసి నడుపు."

"అలాగేనండి."

ఆ నాలుగేళ్ల అబద్ధాన్ని ఆయన మనసులోంచి నిజంగానే తీసేశాడో, ఇంకా తిరుగు ప్రయాణం ఉందిగదా అని ఊరుకున్నాడో, చాలాకాలం నాకు అనుమానం తీరలేదు. ఇంటికి చేరాక జనం ముందు మళ్లీ పాత వరసే. కారు తలుపులు వేసుకున్నాకే 'నువ్వు', 'అండి'. సందు చివర కొట్లో కొత్తిమీరకి కూడా కారులోనే వెళ్లేవారు. అలా నాలుగేళ్లు.

చివరికి ఇంజను చచ్చింది. పాత సామాన్లవాడు వచ్చి బండికి తాడు కడుతుంటే వరహాలమ్మ తలుపు పట్టుకుని వదల్లేదు. అరుగు మీద ఇరుగుపొరుగు, మధ్యలో ఆవిడ ఆడపడుచు.

"పాత బండికి ఇంత బెంగేటి వదినా?" అంది ఆడపడుచు.

వరహాలమ్మ తలుపు వదిలేసి, గేటు దగ్గరున్న భర్త వైపు తిరిగి, అరుగు మీదివాళ్లందరికీ వినపడేలా అంది:

"ఎండలో ఎంతసేపు నిలబడతావు? లోపలికి రా."

ఆడపడుచు తెరిచిన నోరు మూయలేదు. కూర్మారావు "వస్తున్నానండి" అంటూ చెప్పులు విడిచాడు.